చందుర్తి చేలలో ఎర్ర చొక్కాలు: చరిత్ర పునరభినయంపై పాఠకుల ప్రశ్నలు

గత నెల ఈ శీర్షికలో చరిత్ర పునరభినయం అనే అభిరుచిని నాలుగు వాక్యాల్లో ప్రస్తావించి వదిలేశాను. పాతకాలపు సైనికులు, సామాన్యులు ఎలా బతికారో ఆనాటి దుస్తులతో, పనిముట్లతో, తిండితో మళ్ళీ చేసి చూసే అభిరుచి అది. దాని మీద గోదావరి డెల్టా నుంచి వచ్చినన్ని ఉత్తరాలు ఈ మధ్య మరే విషయం మీదా రాలేదు. అందుకని ఈసారి శీర్షిక మొత్తాన్ని ఆ ప్రశ్నలకే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: యూరప్‌లో జనం పాత సైనికుల దుస్తులు వేసుకుని మైదానాల్లో యుద్ధాలు చేసే వీడియోలు చూశాను. ఇది నాటకమా, వేషాల పోటీయా, లేక చదువా? మన దగ్గర ఇలాంటిది ఏదైనా ఉందా?
(డిగ్రీ విద్యార్థి, అమలాపురం)

జవాబు: మూడింటి పోలికా ఉంది గానీ ఇది ఆ మూడింటికీ వేరైనది. నాటకంలో రచయిత రాసిన మాటలుంటాయి, ప్రేక్షకుడి కంటికి ఆనేంత మేరకు వేషం కుదిరితే సరిపోతుంది. పునరభినయంలో రాసిపెట్టిన సంభాషణ ఉండదు. చొక్కా లోపలి కుట్టు కూడా ఆ కాలపు పద్ధతిలో చేత్తో వేసిందేనా అని చూసుకుంటారు, ఎందుకంటే ఆ చొక్కా తొడుక్కున్న మనిషి అందులో రోజంతా నడవాలి, వంట చేసుకోవాలి, రాత్రికి గడ్డి పరుచుకుని పడుకోవాలి. అలా గడిపినప్పుడు ఏ బరువు ఎక్కడ ఒరుసుకుంటుందో, ఏ పనికి ఎంత పొద్దు పడుతుందో, చీకటి పడ్డాక మనుషులు ఎందుకు అంత తొందరగా నిద్రపోయేవారో శరీరానికి తెలుస్తుంది. పుస్తకాల్లో ఈ సంగతులు రాసినవారు తక్కువ, ఎందుకంటే ఆ రోజుల్లో అవి అందరికీ తెలిసినవే.

ఈ కోరిక పాతదే. స్కాట్లండ్‌లో ఎగ్లింటన్ ప్రభువు 1839లో మధ్యయుగపు వీరుల పోటీలను భారీగా జరిపించబోతే కుండపోత వాన వచ్చి అంతా బురదపాలైంది. స్వీడన్‌లో ఆర్టుర్ హాజేలియస్ 1891లో స్కాన్సెన్ అనే ఆరుబయలు ప్రదర్శనశాల తెరిచి, పాత ఇళ్ళను ఊళ్ళ నుంచి తెచ్చి నిలబెట్టి, వాటిలో మనుషుల చేత ఆనాటి పనులే చేయించాడు. ఇంగ్లండ్‌లో 1968లో మొదలైన సీల్డ్ నాట్ అనే సంఘం 17వ శతాబ్దపు అంతర్యుద్ధాన్ని నేటికీ అభినయిస్తోంది. వాటర్లూ యుద్ధానికి 200 ఏళ్ళు నిండిన 2015లో వేల మంది అభినయకారులు బెల్జియంలో ఆ యుద్ధభూమికి చేరారు.

మీ ఊళ్ళో దసరాకు జరిగే చెడీ తాలింఖానా అనే సాము విద్యల ప్రదర్శనను మీరు చిన్నప్పటి నుంచి చూస్తూనే ఉంటారు. కర్రసాము, కత్తిసాము ఒక తరం చేతి నుంచి మరో తరం చేతికి అందుతూ వచ్చిన విద్యలు. వాటిని పునరభినయం అనడానికి నాకు మనసు ఒప్పదు. తెగిపోయిన దారాన్ని ఆధారాలు వెతికి మళ్ళీ ముడివేయడం పునరభినయం. అక్కడ దారం తెగనే లేదు. కానీ ఈ అభిరుచిలోకి దిగాలనుకునేవారు మొదట వెళ్ళవలసింది అలాంటి గురువుల దగ్గరికే. కత్తి పట్టిన మనిషి పాదం ఎక్కడ మోపాలో, పక్కవాడికి దెబ్బ తగలకుండా చెయ్యి ఎలా ఆపాలో వాళ్ళకు తెలుసు. ఏ వీడియో నుంచీ అది రాదు.

ప్రశ్న: మాది గొల్లప్రోలు మండలం. మా పక్కనే ఉన్న చందుర్తిలో ఇంగ్లీషువారికీ ఫ్రెంచివారికీ పెద్ద యుద్ధం జరిగిందని విన్నాం. మా కుర్రవాళ్ళం ఇరవై మందిమి దాన్ని అభినయించాలనుకుంటున్నాం. అంత చిన్న గుంపుతో సాధ్యమేనా? ఎవరి పక్షాన నిలబడాలి?
(యువజన సంఘ సభ్యుడు)

జవాబు: చాలా మంచి ఆలోచన. 1758 డిసెంబరులో జరిగిన ఆ యుద్ధం ఉత్తర సర్కారుల, అంటే ఈ తీరపు జిల్లాల, తలరాతను మార్చింది. దాని స్థలం మీ ఇంటి పక్కనే ఉంది.

ముందు కథ. విజయనగరం ఆనందరాజు ఫ్రెంచివారితో చెడి, విశాఖపట్నాన్ని వారి చేతి నుంచి తీసుకుని, సాయం చేయమని ఇంగ్లీషువారికి కబురంపాడు. క్లైవు బెంగాల్ నుంచి కర్నల్ ఫోర్డ్‌ను ఓడల మీద పంపాడు. ఫోర్డ్ దగ్గర సుమారు 500 మంది ఐరోపా సైనికులు, 2,000 మంది సిపాయిలు ఉన్నారు. ఎదురుగా ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్ దగ్గర ఐరోపావారు దాదాపు అంతే మంది గానీ, సిపాయిలు 6,000 మంది దాకా ఉన్నారు, ఫిరంగులు కూడా ఎక్కువే. అయినా ఓడిపోయింది కాన్‌ఫ్లాన్. ఫోర్డ్ ఆ ఊపులో రాజమండ్రి మీదుగా కిందికి దిగి 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం కోటను రాత్రివేళ ఎక్కి పట్టుకున్నాడు.

ఈ ఓటమికి ఒక కారణం దుస్తులు. అందుకే పునరభినయం చేసేవాడికి ఇంతకంటే గొప్ప యుద్ధం దొరకదంటాను. ఫోర్డ్ వెంట వచ్చిన బెంగాల్ సిపాయిలు ఎర్ర చొక్కాలు తొడిగి ఉన్నారు. 1757లో క్లైవు కలకత్తాలో పోగుచేసిన పటాలానికి లాల్ పల్టన్ అని పేరు రావడం ఆ రంగు వల్లనే. ఈ తీరంలో సిపాయిలు అప్పటిదాకా ఎక్కువగా తమ మామూలు బట్టల్లోనే యుద్ధానికి వెళ్ళేవారు కాబట్టి, ఎర్ర చొక్కా కనిపిస్తే అది ఇంగ్లీషువాడే అని ఫ్రెంచివారు అనుకున్నారు. అదే సమయంలో అసలు ఇంగ్లీషు పటాలం మనిషి కనబడనంత ఎత్తు పెరిగిన చేను చాటున ఉండిపోయింది. ఫ్రెంచివారు తమ బలాన్నంతా ఎర్ర చొక్కాల సిపాయిల మీదికి తోసి, వాళ్ళను చెదరగొట్టి, గెలిచామనుకుని వరస తప్పి తరుముతుండగా, చేను వెనక నుంచి ఇంగ్లీషు పటాలం వాళ్ళ పక్కకు వచ్చి నిలిచింది. ఒక చొక్కా రంగు, ఒక రైతు పైరు కలిసి యుద్ధాన్ని తిప్పేశాయి.

ఇరవై మందితో రెండు సేనలను చూపించలేరు, ఆ ప్రయత్నమే వద్దు. ఆ యుద్ధంలో ఒక మూలను తీసుకోండి: చేను గట్టు, ఎనిమిది మంది సిపాయిల వరస, ఒక హవల్దారు, ఒకరి మాట మరొకరి భాషలో చెప్పే దుబాసీ, నీళ్ళు మోసే భిస్తీ, ఇద్దరు బండ్లవాళ్ళు, తన చేను తొక్కుతుంటే చూస్తూ నిలబడిన ఒక రైతు కుటుంబం. ఆ కాలపు సేనల వెంట సైనికుల కంటే ఎన్నో రెట్లు ఎక్కువ మంది పరివారం నడిచేవారు. బోయీలు, గడ్డి కోసేవాళ్ళు, కమ్మరులు, వంటవాళ్ళు, ఎడ్ల మీద ధాన్యం తెచ్చే బంజారాలు లేకుండా ఏ ఫోర్డూ ఒక్క మజిలీ కూడా కదలలేకపోయేవాడు. ఇంగ్లీషు రాతల్లో వాళ్ళ పేర్లు లేవు. మీ అభినయంలో వాళ్ళకు చోటు దొరికితే ఆ రాతలు చేయని పని మీరు చేసినట్లు.

ఎవరి పక్షం అని అడిగారు. రెండు పక్షాలూ ఈ నేల మీద పన్ను వసూలు చేసే హక్కు కోసం వచ్చినవే. రెండు వైపులా తుపాకీ పట్టిన చేతుల్లో ఎక్కువ భాగం ఈ దేశపు చేతులే. ఒకరిని నాయకుడిగా, మరొకరిని దుర్మార్గుడిగా చేసి చప్పట్లు కొట్టించుకోవద్దు. మొదటి ప్రదర్శనలో ఎర్ర చొక్కాలు వేసుకున్నవారు రెండో ప్రదర్శనలో అవతలి వైపు నిలబడే ఏర్పాటు చేసుకోండి. అప్పుడు ఆ పొరపాటు రెండు కళ్ళతోనూ ఎలా కనిపించిందో మీ అందరికీ తెలుస్తుంది.

ఆయుధం విషయానికి వస్తే, ఆనాటి ఇంగ్లీషు తుపాకీ చెకుముకి రాయి దెబ్బతో పేలేది. సుమారు నాలుగున్నర కిలోల బరువు, ముప్పాతిక అంగుళం గొట్టం. కాగితం తూటాను పళ్ళతో చించి, మందు పోసి, గుండు వేసి, కడ్డీతో దట్టించి పేల్చాలి. బాగా తర్ఫీదైనవాడు నిమిషానికి మూడుసార్లు పేల్చగలిగేవాడు. వంద గజాలు దాటితే గురి నమ్మదగ్గది కాదు, అందుకే భుజం భుజం కలిపి నిలబడి ఒక్కసారిగా పేల్చేవారు. అదే కొలతతో, అదే బరువుతో మీ ఊరి వడ్రంగి చేత కొయ్య తుపాకులు చేయించి, ఆ కదలికలన్నీ వరసగా సాధన చేయండి. మందు లేకుండానే, పదోసారికి మీ భుజాలు ఆనాటి సిపాయి కష్టాన్ని మీకు చెబుతాయి.

ప్రశ్న: నాకు యుద్ధాల మీద ఆసక్తి లేదు. పాతకాలంలో మన ఇళ్ళలో ఆడవాళ్ళు ఎలా బతికారో చేసి చూడాలని ఉంది. ఈ అభిరుచిలో దానికి చోటుందా?
(గృహిణి, నరసాపురం)

జవాబు: అమ్మా, ఈ అభిరుచిలో అన్నిటికంటే లోతైన భాగం మీరు అడిగినదే. మైదానంలో యుద్ధం అరగంటలో ముగుస్తుంది, పొయ్యి మాత్రం తెల్లవారుజామున మొదలై రాత్రి దాకా ఆరదు.

మొదట ఒక సంవత్సరాన్ని ఎంచుకోండి. ‘పూర్వకాలం’ అని అనుకుంటే ఏదీ తేలదు. ఉదాహరణకు 1758 అనుకుందాం. మీ వంటింట్లోంచి స్టెయిన్‌లెస్ స్టీలు గిన్నెలన్నీ బయట పెట్టేయాలి, ఆ లోహం 1913 దాకా పుట్టలేదు. మట్టి కుండలు, రాచిప్పలు, కంచు, ఇత్తడి మిగులుతాయి. అగ్గిపెట్టె లేదు. చెకుముకి రాయి కొట్టాలి, లేదా పొరుగింటికి వెళ్ళి పిడక మీద నిప్పు తెచ్చుకోవాలి. నిప్పు ఆరనివ్వకుండా బూడిదలో కప్పి ఉంచడం ఒక విద్య అని ఒక్క పూట చేస్తే అర్థమవుతుంది. కిరసనాయిలు లేదు, ఆముదం దీపమే వెలుగు. రామములగ పండు, అంటే టమాటా, ఆనాటి మన కూరల్లో ఉండదు. పులుపుకు చింతపండు, మామిడి, చుక్కకూర. మిరపకాయ అప్పటికే వచ్చేసింది, ఎందుకంటే పోర్చుగీసువారి ఓడలతో అది ఈ దేశానికి చేరి రెండు శతాబ్దాలు దాటింది. కానీ మీరు ఇంకా వెనక్కి, 1400 నాటి రాజమహేంద్రవరం రెడ్డిరాజుల కాలానికి వెళితే కారానికి మిరియాలే దిక్కు. ఆవకాయకు ఆ పేరు ఆవపిండి వల్ల వచ్చింది. ఆ పేరులో మిరప జాడే లేకపోవడం గమనించారా?

నీళ్ళు నాకు చాలా ఇష్టమైన విషయం. వరదరోజుల్లో గోదావరి నీరు ఎర్రగా, బురదగా వస్తుంది. ఆ నీళ్ళు తాగడానికి మన అమ్మమ్మలు చిల్లగింజను కుండ లోపలి గోడకు నూరి వదిలేసేవారు, కాసేపటికి బురద అడుక్కు దిగి పైన తేట నీరు మిగిలేది. ఇండుపు గింజ అని కూడా అంటారు దాన్ని. ఆ గింజలు పచారీ దుకాణంలో దొరక్కపోతే ఆయుర్వేద మందుల కొట్లో అడగండి. పిల్లల ముందు ఈ ఒక్క పని చేసి చూపించినా, మీ పునరభినయం సగం నెగ్గినట్లే. తరువాత ఆ నీటిని మరగబెట్టాకే ఎవరికైనా తాగడానికి ఇవ్వండి. బురద పోయినంత మాత్రాన రోగకారక సూక్ష్మజీవులు పోవు.

బట్టల విషయంలో మీ ఊరికి ప్రపంచ ప్రసిద్ధి ఉంది. నరసాపురం పక్కనున్న మాధవాయపాలెంలో ఇంగ్లీషు కంపెనీకి వర్తక స్థావరం ఉండేది. అక్కడి నుంచి ఎగుమతైన నూలు గుడ్డకు ఊరి పేరే పెట్టి ‘మదపొల్లం’ అని పిలిచారు. నేటికీ ఒక రకం సన్నని నూలుగుడ్డను ఇంగ్లండులోనూ ఫ్రాన్సులోనూ ఆ పేరుతోనే అంటారు. కాబట్టి మీరు 1758ని ఎంచుకుంటే చేత వడికిన నూలు, మగ్గం మీద నేసిన చీర, చిరివేరు ఎరుపు, నీలిమందు నీలం కావాలి. రసాయన రంగులు 1856లో ఇంగ్లీషు రసాయన శాస్త్రవేత్త పెర్కిన్ కనిపెట్టాకే మొదలయ్యాయి, కనుక కళ్ళు జిగేల్‌మనే ఊదా, గులాబీ రంగులు ఆ కాలానికి పనికిరావు. పిన్నీసు 1849 దాకా లేదు. పిన్నీసు లేకుండా చీర కట్టుకుని, రోకటి పోటుతో రెండు కుంచాల వడ్లు దంచి చూడండి. గోచీ పోసి కట్టుకునే పద్ధతి పనిచేసే ఆడవాళ్ళలో ఎందుకు అంతగా ఉండేదో మీ ఒంటికే తెలుస్తుంది.

మరొక మాట. నరసాపురం లేసు మీ ఊరి గర్వమే గానీ, 1758 నాటి దృశ్యంలోకి దాన్ని తీసుకురావద్దు. క్రైస్తవ మిషనరీల ద్వారా ఆ అల్లిక ఇక్కడికి 19వ శతాబ్దంలో వచ్చింది. 1900 నాటి దృశ్యమైతే తప్పకుండా తీసుకురండి. అరుగు మీద కూర్చుని, వంట పనికీ పిల్లల పనికీ మధ్య దొరికిన గడియల్లో ఆడవాళ్ళు అల్లిన లేసు సముద్రాలు దాటింది, దాని వల్ల వాళ్ళ చేతికి వచ్చిన కూలి మాత్రం చాలా తక్కువ. ఆ రెండు సంగతులనూ ఒకే దృశ్యంలో చూపించగలిగితే నేను స్వయంగా వచ్చి చూస్తాను.

ప్రశ్న: మేం కాలేజీ విద్యార్థులం, చేతిలో డబ్బు లేదు. తక్కువ ఖర్చుతో మొదలుపెట్టడం ఎలా?
(భీమవరం)

జవాబు: దగ్గరి కాలాన్ని ఎంచుకోండి. 1920 ప్రాంతపు వస్తువులు ఇంకా మీ అటకల మీదే ఉన్నాయి. 1923 డిసెంబరులో కాకినాడలో కాంగ్రెస్ మహాసభ జరిగినప్పుడు ఖద్దరు ప్రదర్శన ద్వారం దగ్గర స్వచ్ఛంద సేవకురాలిగా నిలబడిన పద్నాలుగేళ్ళ దుర్గాబాయి, టికెట్టు లేదని జవహర్‌లాల్ నెహ్రూను లోపలికి వదలలేదు. ఒక గేటు, నాలుగు జతల ఖద్దరు, కొన్ని టికెట్లు, ఒక రాట్నం ఉంటే ఆ దృశ్యం సిద్ధమైనట్లే. రాట్నం తిప్పడం నేర్చుకోవడానికి మాత్రం కొన్ని వారాలు పడుతుంది, అక్కడ తొందరపడవద్దు.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో కత్తి కొనుక్కోవచ్చా? మా తాతగారి నాటు తుపాకీ ఇంట్లో ఉంది, వాడుకోవచ్చా? మా పొలంలో దొరికిన పాత లోహపు ముక్కలను ప్రదర్శనలో పెట్టవచ్చా?
(కాకినాడ)

జవాబు: మూడు విషయాల్లోనూ చట్టం ఉంది. 1959 నాటి ఆయుధాల చట్టం కింది నిబంధనల్లో, ఇంటి పనికీ వ్యవసాయానికీ ఉద్దేశించినవి కాకుండా, 9 అంగుళాల పొడవు గానీ 2 అంగుళాల వెడల్పు గానీ మించిన అలుగు గల కత్తులు, బాకులు, ఈటెలు ఆయుధాలుగానే లెక్కకు వస్తాయి. ప్రభుత్వం ప్రకటించిన ప్రాంతాల్లో వాటిని ఉంచుకోవడానికి లైసెన్సు కావాలి. అందుకని పదును లేని కొయ్య కత్తులు, వెదురు కర్రలు వాడండి, వాటితోనైనా సరే తేదీ, స్థలం, వస్తువుల జాబితా రాసి మీ పోలీసు స్టేషన్‌లో ముందుగా అనుమతి తీసుకోండి. నాటు తుపాకీ ఎంత పాతదైనా తుపాకీయే. లైసెన్సు లేకపోతే దాన్ని ప్రదర్శనకు తేవడం మాట అటుంచి, ఇంట్లో ఉంచుకోవడమే నేరం. వెంటనే ఒక న్యాయవాదిని సంప్రదించి దాని సంగతి తేల్చుకోండి. మందుగుండుకు 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం వర్తిస్తుంది, దాని జోలికి వెళ్ళనే వద్దు.

పొలంలో దొరికిన వస్తువుల సంగతి ఇంకా ముఖ్యమైనది. 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం నేలలో దాగి దొరికిన వస్తువుల విలువ పది రూపాయలు మించితే, దొరికినవారు కలెక్టరుకు తెలియజేయాలి. చట్టం మాట పక్కన పెట్టినా, ఒక వస్తువు ఎంత లోతున, దేని పక్కన దొరికిందన్నదే దాని చరిత్ర. దాన్ని పెకలించి, చింతపండుతో తోమి, బల్ల మీద పెడితే అది పాత ఇనుప ముక్కగా మిగిలిపోతుంది. దొరికిన చోటును ఫొటో తీసి, కదపకుండా కబురు చేయండి. అలాగే ద్రాక్షారామం, సామర్లకోట ఆలయాల వంటి కేంద్ర పురావస్తు శాఖ రక్షిత స్థలాల్లో అనుమతి లేకుండా ఏ ప్రదర్శనా పెట్టకండి. నేటి సైన్యం, పోలీసుల యూనిఫారాలు మీ వేషాల్లోకి రానివ్వకండి. సైనికుడని ఇతరులు నమ్మాలన్న ఉద్దేశంతో అవి ధరించడం నేరం.

ప్రశ్న: మా బడి వార్షికోత్సవంలో ధవళేశ్వరం ఆనకట్ట నిర్మాణాన్ని పిల్లల చేత అభినయింపజేయాలనుకుంటున్నాం. కాటన్ దొర పాత్రకు టోపీ, గుర్రం సిద్ధం చేశాం. ఇంకేం కావాలి?
(ఉపాధ్యాయిని, రామచంద్రపురం)

జవాబు: గుర్రం కంటే ముందు సున్నం కావాలండీ. నా తప్పు ఒకటి చెబుతాను. చాలా ఏళ్ళ క్రితం ఒక బడిలో ఇదే దృశ్యానికి సలహాదారుగా ఉండి, పిల్లల భుజాల మీద ఖాళీ సిమెంటు బస్తాలు పెట్టించాను. ప్రదర్శన అయ్యాక ఒక ముసలి తాపీమేస్త్రి నా దగ్గరికి వచ్చి, “బాబూ, అప్పుడు సిమెంటేదీ? గానుగ సున్నం కదా” అన్నారు. ఎద్దుల గానుగలో ఇసుక, సున్నం కలిపి గంటల తరబడి ఎలా తిప్పేవారో, చేతికి వెన్నలా తగిలితేనే గోడకు ఎందుకు వాడేవారో ఆయన చెబుతుంటే, పది పుస్తకాలు చదివిన నేను తల దించుకుని విన్నాను. అప్పటి నుంచి ఏ దృశ్యానికైనా, ఆ పనిని చేత్తో చేసిన మనిషిని ముందు వెతుక్కోవడం అలవాటు చేసుకున్నాను. మీ ఊళ్ళో కూడా అలాంటి పెద్దలు ఎవరైనా ఉంటే పిల్లలను వారి దగ్గరికి తీసుకువెళ్ళండి.

ఆనకట్ట పని 1847లో మొదలై 1852 నాటికి పూర్తయింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలుగా, మధ్య లంకలను కలుపుకుంటూ కట్టారు. రాయి పక్కనున్న ధవళేశ్వరం కొండ నుంచే తీశారు. వేల మంది కూలీలు పనిచేశారు. కాటన్‌కు కుడిభుజంగా నిలిచి, అంత మంది కూలీలను సమకూర్చి నడిపిన వీణెం వీరన్న పేరు పిల్లలకు తప్పక చెప్పండి. దొర ఆజ్ఞ ఇవ్వగానే ఆనకట్ట లేచినట్లు చూపిస్తే అది కట్టుకథ అవుతుంది. రాళ్ళు కొట్టినవాళ్ళు, తట్టలు మోసిన ఆడవాళ్ళు, పడవల మీద రాయి చేర్చిన సరంగులు రంగం మధ్యలో ఉండాలి. దొర ఒక పక్కన, చేతిలో కొలతల కాగితంతో ఉంటే చాలు.

ఎందుకు కట్టారో కూడా కనబడాలి. 1832–33 కరువు, 1839 ఉప్పెన ఈ జిల్లాను కుంగదీశాయి. నది పక్కనే పారుతుండగా చేలు ఎండిన ఊళ్ళు అవి. మొదటి దృశ్యంలో పిల్లలు ఒక ఖాళీ కుండ పెట్టుకుని మౌనంగా కూర్చోవడం చాలు. తరువాత ధవళేశ్వరంలోని కాటన్ మ్యూజియానికి తీసుకువెళ్ళి ఆనాటి పనిముట్లను చూపించండి. ఆ నమూనాలను చూసి అట్టముక్కలతో, కొయ్యతో పిల్లలే వాటిని చేసుకుంటే ఇంకా మంచిది. రాళ్ళు మాత్రం నిజమైనవి వద్దు.

ప్రశ్న: ఈ పాతకాలపు వేషాల్లో పల్లకీ మోసేవాడు, చెప్పులు చేతపట్టుకుని నడిచేవాడు ఎవరు అవుతారు? మా తాతలు అనుభవించిన అవమానాన్ని మళ్ళీ మా చేతనే ఆడించి, ఇతరులు వినోదంగా చూస్తారా?
(ముమ్మిడివరం)

జవాబు: ఈ ఉత్తరం చదివి చాలాసేపు ఆలోచించాను. మీ భయం న్యాయమైనది. దీనికి నా జవాబు షరతుగానే ఉంటుంది: పుట్టుకను బట్టి పాత్రలు పంచే బృందంలో ఎవరూ చేరవద్దు, అలాంటి బృందానికి సలహా ఇవ్వడానికి నేనూ రాను. చీటీలు వేసి పాత్రలు పంచుకోవాలి. జమీందారు వంశాల పిల్లలు పల్లకీ బొంగు భుజాన వేసుకుని ఒక మైలు నడవాలి. బొంగు భుజాన్ని ఎలా కోస్తుందో వాళ్ళు చూడాలి. అది సరిగ్గా జరిగిన చోట్ల ఈ అభిరుచి మనుషులను మారుస్తుందని నేను నమ్ముతాను.

అదే సమయంలో, అవమానాన్ని పూర్తిగా తీసేసి అందరూ నవ్వుతూ కలిసిమెలిసి ఉన్నట్లు చూపిస్తే అది మరో అబద్ధం. కొన్ని సంఘటనలను అభినయించకుండా చెప్పడమే మర్యాద. ఒకరు నిలబడి, చేతులు కట్టుకుని, జరిగింది చదివితే సరిపోతుంది. హింసను, అంటరానితనాన్ని చూసేవారి ముందు ఆడి చూపించనవసరం లేదు.

మీ ప్రాంతానికి ఒక కథ సూచిస్తాను. కోరంగి రేవు నుంచి కూలీ ఒప్పందాల మీద ఓడలెక్కి మారిషస్‌కూ, బర్మాకూ వెళ్ళిన తెలుగువారు వేల మంది. బర్మాలో మనవాళ్ళకు కొరంగీలు అనే పేరు ఈ రేవు వల్లనే వచ్చింది. బయలుదేరే ముందు రాత్రి ఒక ఇంట్లో ఏ మూట కట్టుకున్నారు, ఎవరికి ఏం చెప్పుకున్నారు, ఒప్పంద పత్రం మీద నిశానీ వేస్తున్నప్పుడు అందులో ఏముందో ఎవరైనా చదివి వినిపించారా? ఈ ప్రశ్నల చుట్టూ ఒక గదిలో, ఆరుగురితో చేయగలిగిన పునరభినయం అది. దానిలో అవమానం పాలైనవారే కథకు మధ్యన ఉంటారు.

ప్రశ్న: పై చందుర్తి బృందంలో నేనూ ఒకడిని. ఎర్ర ఉన్ని చొక్కాలు మన ఎండకు ఓర్చుకోగలమా? ఏ నెల పెట్టుకోవాలి? చేను లేకుండా ఆ యుద్ధం ఎలా చూపించాలి?

జవాబు: అసలు యుద్ధం జరిగిన డిసెంబరే పెట్టుకోండి. ఉదయపు పూట మంచు ఉంటుంది, ఎండ తక్కువ. మే నెలలో ఉన్ని తొడిగితే వడదెబ్బ ఖాయం. డిసెంబరులో కూడా ప్రతి అరగంటకూ నీడలోకి రావాలి, మజ్జిగ, నీళ్ళు దగ్గర ఉండాలి, ఒక వైద్యుడు గానీ నర్సు గానీ మైదానంలో ఉండాలి. ఆనాటి సిపాయిల చొక్కాలు ఉన్నివో నూలువో తేలేదాకా ముతక నూలు చొక్కాకే ఎర్ర రంగు వేయించుకోండి.

చేను గురించి మీరు అడగడం చాలా సంతోషం కలిగించింది. ఆ నెలలో మీ వైపు వరి కోతలు అయిపోతాయి. కోసిన మడిలో నిలబడి చేను చాటును చూపించలేరు, ఇంకొకరి పైరు తొక్కే హక్కు మీకు లేదు. అందుచేత మీలో ఎవరి కుటుంబానికైనా మెరక చెక్క ఉంటే, వానాకాలం చివర్లో దాని ఒక అంచున పది వరసలు పొడుగు రకం జొన్న వేయించండి. డిసెంబరు నాటికి మనిషి ఎత్తు దాటుతుంది. ఎర్ర చొక్కాలవారిని దాని ఎడమ పక్కన బయట నిలబెట్టండి, మిగిలినవారిని వెనక కూర్చోబెట్టండి. చూసేవారిని మాత్రం ఫ్రెంచివారు వచ్చిన దిక్కున, వాళ్ళ వెనకే నిలబెట్టాలి. జొన్న వెనక ఎవరున్నారో చూసేవారికీ ముందుగా తెలియకూడదు. ప్రదర్శన అయ్యాక కంకులు కోసి, చొప్ప పశువులకు వేయండి.